సీరియల్ యూనిఫారం వేసుకున్న బడి

టీవీ పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. ఖమ్మంలో ఒకప్పుడు సీరియళ్లు, డాక్యుమెంటరీలు తీసిన చిన్న కంపెనీ ఉండేదని, అందులో బట్టల పని చూసిన మనిషిని నేనేనని ఎవరో చెప్పారట. "పెద్దమ్మా, మంచిగ నడిచే కంపెనీ ఎందుకు మూతపడ్డది?" అని ఒక అమ్మాయి అడిగింది. నష్టమొచ్చిందని చెప్పి, చాయ్ పోసి పంపించాను. వాళ్లు వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇంటికొచ్చిన పిల్లలకు సగం ఉడికిన అన్నం పెట్టినట్టు అనిపించింది.

అందుకే మిగతా సగం రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు గుండ్రంగానే వస్తాయి గానీ ఒత్తుల దగ్గర తడుముకుంటాను. అచ్చు వేసేవాళ్లు దిద్దుకుంటారు. ఇది చదివితే మీకు ఈ పని మీద ఉత్సాహం పెరుగుతుందని మాత్రం చెప్పను.

మాది తిరుమలాయపాలెం వైపు పల్లె. పెళ్లయ్యాక ఖమ్మం వచ్చాను. ఆయన పోయాక కుట్టుమిషన్ మీద బతికాను. మా పై పోర్షన్ కిరాయికి తీసుకున్నవాళ్లదే ఆ కంపెనీ. మొదట్లో కంపెనీ అంటే ఒక కెమెరా, గోడకు కొట్టిన బోర్డు, ముగ్గురు మనుషులు. డైరెక్టర్ హైదరాబాద్‌లో పెద్ద సీరియళ్లకు అసిస్టెంటుగా చేసి, విసిగి, సొంత ఊరికి తిరిగి వచ్చినవాడు. కెమెరామెన్ అంతకుముందు పెళ్లిళ్లు తీసేవాడు. మూడోవాడు మేనేజర్. ఏమడిగినా "అయితది" అనడమే అతని ఉద్యోగం. ఏనుగు కావాలన్నా అయితది, వాన ఆగాలన్నా అయితది.

మిషన్ చప్పుడు విని ఒకరోజు ఆ మేనేజరే కిందికి దిగి వచ్చాడు. హీరోయిన్ జాకెట్టు చంక కింద పిగిలిపోయిందట. "జల్దీ కుట్టియ్యి పెద్దమ్మా, కెమెరా ఆగిపోయింది" అన్నాడు. కుట్టిచ్చాను. మర్నాడు ఇంకొకటి తెచ్చాడు. కొన్నాళ్లకు వాళ్ల ట్రంకుపెట్టెలన్నీ నా వరండాలోకి దిగాయి. ఎవరూ నన్ను ఉద్యోగంలో పెట్టుకోలేదు. నేనే కాస్ట్యూమ్స్ అయిపోయాను.

నా చేతికి వచ్చాక ఆ కంపెనీలో ఒక్క గుండీ వృథా పోలేదు. కథలో చచ్చిపోయినామె చీర బతికున్నామెకు లంగా ఓణీ అయ్యేది. విలన్ లుంగీలు దిండు గలీబులయ్యాయి. "పెద్దమ్మ ఉంటే మనం పోయినా మన అంగీలు డ్యూటీ చేస్తనే ఉంటయి" అని కెమెరామెన్ వెక్కిరించేవాడు.

"నీ అంగీ ఎవనికి పనికొస్తదిరా? దానితోని లెన్సు గూడ తుడవరాదు."

"ఉతికినంక తుడుచుకుంట తియ్యి."

"సబ్బు నువ్వు కొనుక్కో."

ఇట్లా ఉండేది మా మాట. డైరెక్టర్ మాత్రం పెద్దగా నవ్వేవాడు కాదు. మంచివాడే. అన్నం తినేటప్పుడు లైట్లు పట్టే కూలీలను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అయితే అతనికి ఒక భయం ఉండేది. కెమెరాలో ఖాళీ కనబడితే తట్టుకోలేడు. గోడ ఖాళీగా ఉంటే క్యాలెండర్ కొట్టమంటాడు, వీధి ఖాళీగా ఉంటే మేకలను తోలమంటాడు. ఇద్దరు మాట్లాడుకునే సీనులో వెనక నలుగురు నడవాల్సిందే. ఆ నలుగురిలో నేనూ చాలాసార్లు నడిచాను. సీరియల్‌కు అది తప్పు కాదు. చూసేవాళ్లు కూర పోపు పెట్టుకుంటూ చూస్తారు. తెర నిండుగా ఉంటే కథ కూడా నిండుగా ఉందనుకుంటారు.

మాకు పేరు తెచ్చిన సీరియల్ ఒక ప్రైవేటు బడి హెడ్‌మిస్ట్రెస్ కథ. దానికోసం పిల్లల యూనిఫారాలన్నీ నేనే కుట్టాను. మెరూన్ గళ్ల చొక్కాలు, స్కర్టులు, నిక్కర్లు. జేబు మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఉన్న గుండ్రటి బ్యాడ్జి. మా జిల్లాలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో ఆ మెరూన్ గళ్లను గుర్తుపట్టేవారు. బజారుకు వెళితే "ఆ బడిబట్టలు కుట్టింది మీరే గదా" అని కూరగాయలామె కొత్తిమీర ఊరికే ఇచ్చేది. నేను వద్దనేదాన్ని కాదు.

ఆ సీరియల్ నడుస్తుండగానే ఒకసారి ములకలపల్లి దాటి అడవిలోకి షూటింగ్‌కు వెళ్లాం. హీరోయిన్ అడవిలో దారి తప్పే సీను. ఆమె కంటే ముందు వాన దారి తప్పి వచ్చి మా మీద పడింది. సామాను ఎత్తుకుని దగ్గర్లోని గూడెం బడి వరండాలోకి పరుగెత్తాం. ఒకటే గది, ఒకరే టీచరమ్మ, బోర్డు నిండా కూడికలు. పిల్లలు కొద్దిమందే. ఒక మూల చాప మీద అందరూ పట్టారు.

అందులో ఒక పిల్ల నా ట్రంకుపెట్టె దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో పలక, కాళ్లకు బురద.

"ఇందుల ఏమున్నయ్ అమ్మమ్మా?"

"బట్టలు."

"అన్ని నీయేనా?"

"నాయైతే నేనెందుకు మోస్త? ఇంకెవరితోనన్న మోయిస్తుంటి."

పకపకా నవ్వింది. ఏం చదువుతున్నావని అడిగాను. నాలుగో తరగతి అంది. తర్వాత ఏం చదువుతావంటే భుజాలు ఎగరేసింది.

"ఈ బడి తీసేస్తరంట. తీసేస్తే ఇగ ఏం చదువుత? మా నానమ్మతోని మిరపకాయలు ఏరబోత."

ఆ మాటలో ఏడుపు లేదు, కోపం లేదు. చూరు నుంచి పడే నీళ్లకింద అరచెయ్యి పెట్టి, ఆకలేస్తే అన్నం తింటానన్నంత మామూలుగా అంది. నా చదువు ఆగిన రోజు నేనూ అట్లాగే ఉన్నాననుకుంటా. ఏం పోయిందో తెలియాలంటే ముందు అది కొంచెమైనా చేతిలో ఉండాలి కదా.

టీచరమ్మ సంగతి చెప్పింది. పిల్లలు తక్కువగా ఉన్న బళ్లను దగ్గరి ఊరి బడిలో కలుపుతున్నారు. ఆ దగ్గరి ఊరు కాగితం మీద దగ్గరే. మధ్యలో అడవి ఉంది, వాగు ఉంది. ఆటో పెట్టిస్తామన్నారు గానీ ఆ దారిలో ఆటో రాదు. మగపిల్లలను ఎవరైనా హాస్టల్లో వేస్తారేమో. ఆడపిల్లలను మాత్రం పంపరు. "ఈ పిల్ల మంచిగ చదువుతది పెద్దమ్మా. నాలుగేళ్ల సంది చూస్తున్న. దీన్ని తలుసుకుంటేనే నాకు బుగులైతది" అంది.

డైరెక్టర్ అంతా విన్నాడు. వాన ఆగాక అందరం బండెక్కినా అతను వరండాలోనే నిలబడ్డాడు. సీరియళ్లు తిండికోసం, డాక్యుమెంటరీ ఒక్కటి మనసుకోసం అని ఎప్పుడూ అనేవాడు. ఆ ఒక్కటి ఇక్కడ దొరికిందని అతని మొహమే చెప్పింది.

కొన్నాళ్లకు ఛానెల్‌వాళ్లు మా సీరియల్‌ను మధ్యలోనే ఆపేశారు. హెడ్‌మిస్ట్రెస్ ఆస్పత్రి మంచం మీద ఉండగానే కథ అయిపోయింది. ఆమె బతికిందో లేదో ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. చేతిలో పని లేని ఆ రోజుల్లోనే ఒక వెబ్ ఛానెల్ మా డాక్యుమెంటరీ వేస్తానంది. డైరెక్టర్ వెంటనే గూడేనికి బయలుదేరాడు.

షూటింగ్‌కు ముందు టీచరమ్మ మేనేజర్‌కు ఫోన్ చేసింది. సర్కారు యూనిఫారాలు ఆ ఏడు ఇంకా రాలేదట. పోయినేటివి చిరిగాయట. అసలు అవి అందరికీ ఒకే కొలతలో కుట్టినవి, ఒకడికి మోకాలు దాటితే ఇంకొకడికి బొడ్డు దాటవు. "పిల్లల్ని లోకమంతా చూస్తది. మా బడి గింత అధ్వానంగ ఉందని నవ్వరా? మీ దగ్గర ఏమన్న బట్టలుంటే తేండి సార్" అని బతిమాలింది. తన పిల్లలు శుభ్రంగా కనబడాలని ఆమె కోరిక. ఏ తల్లికైనా ఉండేదే. మేనేజర్ "అయితది" అన్నాడు. డైరెక్టర్‌కు ఒకే రంగు బట్టల్లో పిల్లలు కూర్చుంటే ఫ్రేమ్ ఎంత బాగుంటుందో కళ్లకు కట్టింది. పెట్టెలో ఊరికే పడి ఉన్న బట్టలు మళ్లీ పనికొస్తాయంటే నేను మాత్రం ఎందుకు వద్దంటాను? మా నలుగురిలో ఒక్కరికీ ఇందులో తప్పు కనబడలేదు. కెమెరా ముందుకు ఏదీ ఉన్నది ఉన్నట్టు రాకూడదన్నది మా చేతులకు పట్టిన అలవాటు.

బ్యాడ్జీలు మాత్రం ఊడదీశాను. లేని బడి గుర్తును ఉన్న బడి పిల్లల గుండె మీద పెట్టడం బాగుండదని నా ఉద్దేశం. బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపుతుంటే కింద గుండ్రటి మచ్చ బయటపడింది. చొక్కా అంతా ఎండకు, సబ్బుకు వెలిసిపోయింది. బ్యాడ్జి కప్పిన చోట మాత్రం రంగు కొత్తగానే ఉంది. "ఏం గాదు పెద్దమ్మా, కెమెరాల కనబడదు" అన్నాడు కెమెరామెన్.

షూటింగ్ రోజు గూడెం పండగలా ఉంది. తల్లులు పిల్లల తలలకు నూనె కారేలా రాసి తీసుకొచ్చారు. ఆ పిల్ల స్కర్టు వేసుకుని గిర్రున తిరిగింది. నడుము వదులైతే పిన్నీసు పెట్టాను. "ఇది నాకే ఇస్తవా అమ్మమ్మా?" అంటే, "కంపెనీది, మళ్లీ ఇచ్చెయ్యాలె" అన్నాను. కంపెనీ సొత్తు విషయంలో నేను ఎవరికీ లొంగేదాన్ని కాదు.

షూటింగ్ చూద్దామని అవతలి గూడెం పిల్లలు కూడా వచ్చారు. గదిలో చాప మీద ఆ బడి పిల్లలు కూర్చున్నారు. డైరెక్టర్ కెమెరాలోంచి చూసి మొహం చిట్లించాడు. వెనకంతా ఖాళీ.

"పెద్దమ్మా, బట్టలు ఇంక మిగిలినయ్ గదా? ఆ పిల్లలకు గూడ వెయ్యి."

"వాళ్లు మా బడి పిల్లలు గాదు సార్" అంది టీచరమ్మ.

"ఎనక కూసుంటరు మేడమ్. మొకాలు కనబడయి. బడి కళకళలాడుతున్నట్టుంటది."

టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. బడి కళకళలాడాలని ఆమెకు మాత్రం ఉండదా? ఊరుకుంది. నేను బట్టలు తొడిగాను. గది నిండింది. బడి మూసేది పిల్లలు తక్కువని. ఆ తక్కువమంది పిల్లలదే మా కథ. చాప మీద ఆ మూలన కూర్చున్న కొద్దిమందిని, వాళ్ల చినిగిన చొక్కాలతో అట్లాగే చూపించి ఉంటే చాలు. ఆ ఖాళీయే చెప్పేది. మేము ఆ ఖాళీనే పూడ్చేశాం.

తర్వాత ఆ పిల్ల వంతు. వానరోజు నాతో అన్న మాట కెమెరా ముందు చెప్పమన్నాడు డైరెక్టర్. చెప్పింది. సగం తెలుగు, సగం వాళ్ల ఇంటి భాష, చూపేమో కిటికీ బయట కోడిపుంజు మీద. డైరెక్టర్‌కు తృప్తి కలగలేదు. మాటను సాపు చేసి ఇచ్చాడు. "మా బడి మూసేస్తే నా చదువు ఆగిపోతుంది. దయచేసి మా బడిని మూయొద్దు సార్" అని, చివర్న చేతులు జోడించాలి. ఆ పిల్లకు 'దయచేసి' నోరు తిరగలేదు. మళ్లీ చెప్పించాడు. మళ్లీ. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు అలసటవి. తెర మీద మాత్రం బడికోసం ఏడ్చినట్టు పడ్డాయి. "ఓకే!" అని డైరెక్టర్ ఎగిరి గంతేశాడు. అతను అంత సంతోషపడగా నేను చూడటం అదే మొదలు. మళ్లీ చూడలేదు.

సినిమా బయటికి వచ్చాక నిజంగానే లోకం చూసింది. ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది. ఆ పిల్ల చేతులు జోడించిన ముక్కనే మళ్లీ మళ్లీ చూశారు. ఆ బడి మూయడం ప్రస్తుతానికి ఆపుతున్నామని పైనుంచి మాట వచ్చింది. టీచరమ్మ ఫోన్‌లో ఏడ్చింది. మేనేజర్ బాదం పాలు తెప్పించాడు. కంపెనీకి వరసగా డాక్యుమెంటరీలు వస్తాయని, ఇక హీరోయిన్లను దారి తప్పించే పని లేదని డైరెక్టర్ అన్నాడు. ఆ వారం మేమంతా మంచి మనుషులమని అనుకున్నాం.

ఆ తర్వాత ఎవరో ఒకతను చిన్న వీడియో పెట్టాడు. ఒక పక్క మా సీరియల్ బడి, ఒక పక్క మా గూడెం బడి. అవే మెరూన్ గళ్లు. జేబు మీద గుండ్రటి మచ్చ చుట్టూ ఎర్రటి గీత గీసి పెద్దది చేసి చూపించాడు. పక్కనే సీరియల్ బ్యాడ్జి. రెండూ ఒకటే కొలత. 'వీళ్లు గిరిజన పిల్లలు కాదు, సీరియల్ పిల్లలు' అని పైన రాశాడు. కింద జనం నవ్వారు. 'పాప బాగా యాక్ట్ చేసింది' అని రాశారు. చేతులు జోడించిన ఆ ముక్కనే మళ్లీ చూశారు, ఈసారి నవ్వుకోవడానికి.

విచారణకు ఆఫీసర్ వస్తున్నాడని, ఆ బట్టలు తీసుకుని రావాలని కబురొచ్చింది. మేనేజర్ అలవాటుకొద్దీ "అయితది" అన్నాడు. ట్రంకుపెట్టె మోసుకుని నేనూ వెళ్లాను. బడి ముందు బల్ల వేశారు. ఆఫీసర్ కసురుకునే మనిషి కాదు. కసురుకుని ఉంటే మాకు ఎదురు చెప్పే వీలన్నా దొరికేది. నిదానంగా, చదువు చెప్పేవాడిలా అడిగాడు. టీచరమ్మ బడి పిల్లలను వరసగా నిలబెట్టింది. ఆఫీసర్ ఫోన్‌లో సినిమా పెట్టి, వెనక కూర్చున్న పిల్లలను చూపించాడు.

"వీళ్లేరి?"

టీచరమ్మ తల వంచుకుంది. "అవతలి గూడెం పిల్లలు సార్. చూడనీకి వచ్చిన్రు."

"చూడనీకి వచ్చినోళ్లకు యూనిఫాం ఎందుకు?"

ఆఫీసర్ నా పెట్టె తెరిపించాడు. చొక్కా తీసి మచ్చ మీద వేలు పెట్టాడు. "బ్యాడ్జి పీకేసిందెవరు?"

"నేనే సార్. వేరే బడి గుర్తు ఉండొద్దని."

"అంటే వేరే బడి బట్టలని తెల్వొద్దని." కోపం లేకుండానే అన్నాడు. నేను చెప్పిందీ అతను అన్నదీ పక్కపక్కన పెడితే, అతను అన్నదే నిజంలా వినబడింది. నాకే అట్లా వినబడింది.

డైరెక్టర్ ముందుకొచ్చాడు. బట్టలు మావే, వెనక పిల్లలు బయటివాళ్లే, ఒప్పుకుంటున్నాను, కానీ బాధ నిజం సార్ అన్నాడు. ఆఫీసర్ ఆ పిల్లను దగ్గరికి పిలిచాడు. ఆ రోజు ఆమె చినిగిన పాత చొక్కాలోనే ఉంది. వాళ్ల నానమ్మ గోడ పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది.

"ఈ మాటలు చెప్పింది నువ్వేనా బిడ్డా?"

"అవ్ సార్."

"నీకు నువ్వే అన్నవా? ఎవరన్న చెప్పమన్నరా?"

ఆ పిల్ల డైరెక్టర్ వైపు చూసింది. అడిగినదానికి నిజం చెప్పాలని టీచరమ్మ నేర్పిన పిల్ల.

"సార్ నేర్పిండు."

"ఎన్నిసార్లు చెప్పించిండు?"

"మంచిగ వచ్చేదాంక."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేకపోయాను. ఆ మాట ముందు ఆ పిల్లదేనని, వానరోజు ఈ వరండాలోనే నాతో అన్నదని, డైరెక్టర్ దాన్ని సాపు మాత్రమే చేశాడని గట్టిగా చెప్పాను. ఆఫీసర్ ఓపిగ్గా విన్నాడు.

"మీరు కంపెనీల ఏం చేస్తరమ్మా?"

"కాస్ట్యూమ్స్."

"మీరు గూడ సీరియల్ల కనబడ్డరు గదా? మా ఇంట్ల చూస్తరు. ఎనక నడుస్తుంటరు."

అంతే. అందరూ నవ్వారు. నవ్వులో చెడ్డతనం లేదు. వేషం కట్టేవాళ్ల మధ్య ఇన్నేళ్లు తిరిగాక నేను నిజం చెప్పినా అది ఇంకొక వేషం కింద జమ అయింది. ఆఫీసర్‌ను తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. అతని కుర్చీలో నేనున్నా నమ్మేదాన్ని కాదేమో.

బడి మూసేయమని ఉత్తర్వు వచ్చింది. అబద్ధపు పిల్లలను చూపించారన్న మాట టీచరమ్మ మీద పడింది. ఆమెను దూరం బదిలీ చేశారు. బడి సామాను తీసుకెళ్లే రోజు వెళ్లాలని డైరెక్టర్ పట్టుబట్టాడు. ఎందుకని మేము అడగలేదు. కెమెరామెన్ కెమెరా తెచ్చాడు గానీ సంచిలోంచి తీయలేదు.

ట్రాలీలోకి బల్ల, బోర్డు, బువ్వ వండే గిన్నెలు ఎక్కుతున్నాయి. టీచరమ్మ గది ఊడుస్తోంది. ఖాళీ చేసే గదిని ఎందుకు ఊడ్చడమని ఎవరూ అనలేదు. ఆ పిల్ల నానమ్మ నెమ్మదిగా మా దగ్గరికి వచ్చింది. నా ఈడు మనిషి. మిరప ఘాటుకు వేళ్లు చిట్లి ఉన్నాయి.

"కెమెరా తెచ్చిన్రా?" అని అడిగింది.

తెచ్చామన్నాడు డైరెక్టర్.

"మరి తియ్యుండ్రి. ఇయ్యాల ఎవ్వల్నీ పిలవలే. ఎవ్వలికీ కొత్తబట్టలు కట్టలే. ఇది తీసి సూపియ్యుండ్రి."

కెమెరామెన్ సంచి జిప్పు సగం తీశాడు. డైరెక్టర్ వద్దన్నట్టు తల ఊపి, వెళ్లి బండిలో కూర్చున్నాడు. ఆమె ఇంకాసేపు మా ముందే నిలబడింది. మేము తీయబోమని అర్థమయ్యాక కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. అది ఒక్కటే మేము తీయాల్సిన సినిమా. మా చేతుల్లో కెమెరా ఉంది, పగటి వెలుగు ఉంది, తీయమని అడిగే మనిషి ఉంది. తీయలేదు. తీసినా ఎవరు నమ్ముతారని డైరెక్టర్ తర్వాత అన్నాడు. నిజమే కావచ్చు. నమ్మడానికి కాకపోయినా, ఆమె అడిగింది కదా అని తీసి ఉండొచ్చు.

ఆ తర్వాత కంపెనీ మెల్లగా విడిపోయింది. గొడవలేమీ జరగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తగ్గింది, అంతే. డైరెక్టర్ హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఎవరి సీరియల్‌కో వెనక కూర్చుని డైలాగులు రాస్తున్నాడట. కెమెరామెన్ మళ్లీ పెళ్లిళ్లకు వెళుతున్నాడు. పెళ్లివాళ్లు వేసుకున్న బట్టలు వాళ్లవే కాబట్టి ఏ విచారణా ఉండదు పెద్దమ్మా అని ఒకసారి అన్నాడు. ఇద్దరం నవ్వలేదు. మేనేజర్ టిఫిన్ బండి పెట్టుకున్నాడు. అక్కడ మాత్రం అడిగిందల్లా అవుతుంది.

మిరపకాయలు ఏరే కాలంలో నేను ఒక్కదాన్నే గూడేనికి వెళ్లాను. ఒక ఆలోచన పెట్టుకుని వెళ్లాను. పై పోర్షన్ ఖాళీగా ఉంది. నేను ఒక్కదాన్నే వండుకుని తింటున్నాను. మా వీధి చివర్నే సర్కారు బడి ఉంది. ఆ పిల్లను నా దగ్గర పెట్టుకుని చదివిద్దామని. ఎవరి కోసమూ ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోయని మనిషినని మా చుట్టాల్లో నాకు పేరు. ఆ ఆలోచన నాకు ఎంత దూరం నుంచి వచ్చి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి.

నానమ్మ, మనవరాలు చేలోనే ఉన్నారు. ఎండలో చెట్టుచెట్టుకూ వంగి కాయలు కోస్తున్నారు. ఆ పిల్ల పొడవైంది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంది. చేను గట్టు మీద కూర్చుని నేను వచ్చిన పని చెప్పాను. అన్నం, బట్ట, బడి, అన్నీ నేను చూసుకుంటానన్నాను. నానమ్మ నా మాట పూర్తిగా విన్నది. చిట్లిన వేళ్లతో నీళ్లచెంబు నాకు అందించింది.

"నువ్వు మంచిదానివే అక్కా. నాకు తెల్వదా? గని నా పిల్లను పంప."

"ఎందుకు?"

"మీ దగ్గరుంటే మల్ల ఏదో ఒకటి నేర్పుతరు."

నేను నీళ్లు తాగాను. ఆమె లేచి తన చాలులోకి వెళ్లిపోయింది. ఆ పిల్ల మాత్రం గట్టు మీద నా పక్కనే కూర్చుంది. కాసేపు పీలికలు విప్పి చుట్టుకుంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"అమ్మమ్మా, ఆ సార్ అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పిన్నా?"

"లేదు బిడ్డా. నిజమే చెప్పినవ్."

"మరి బడి ఎందుకు పోయింది?"

పెద్దవాళ్లం నలుగురం కలిసి నీ నోటి మాటను నీది కాకుండా చేశామని ఆ పిల్లకు ఏ మాటల్లో చెప్పాలి? మళ్లీ ఏ మాట అందించినా అది నేర్పినట్టే అవుతుంది. ఆ పిల్ల ఇంకా ఎదురుచూస్తోంది. బస్సుకు వేళవుతోందని చెప్పి లేచాను. ఆ పూట ఆ దారిలో బస్సు లేదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.